ఆయిల్ తక్కువై కాదు, గాలి ఎక్కువై: మార్పులు చేసిన టూ-స్ట్రోక్ స్కూటర్‌ను రోజూ నడపడం

మార్పులు చేసిన టూ-స్ట్రోక్ స్కూటర్ దారిలో పట్టేసిందంటే (పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోయి ఇంజిన్ ఆగిపోయిందంటే), దాన్ని చూసిన మెకానిక్ నోటి వెంట వచ్చే మొదటి మాట ‘ఆయిల్ తక్కువైంది’. ఆ మాట ఎంతగా స్థిరపడిపోయిందంటే, హెడ్డు విప్పకముందే తీర్పు వెలువడుతుంది. లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల ఆయిల్‌కు బదులు 40 పోయమనే సలహా దాని వెంటే వస్తుంది. ఆ సలహా చాలాసార్లు రోగాన్ని తగ్గించకపోగా ముదరబెడుతుంది. ఎందుకో తెలియాలంటే, బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, పెంచిన ఇంజిన్‌లో వేడి ఎక్కడ పుట్టి ఎటు పోతుందో, పెట్రోలు, గాలి, ఆయిల్ ఒకదాని వాటాను మరొకటి ఎలా తింటాయో కాస్త ఓపికగా చూడాలి.

ముందుగా ఏ బండి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. కాన్పూరులో ఎల్‌ఎంఎల్ సంస్థ ఇటలీకి చెందిన పియాజియో సహకారంతో 1980లలో తయారుచేయడం మొదలుపెట్టిన వెస్పాయే ఇక్కడి ఉదాహరణ. ఆ రెండు సంస్థల బంధం 1999లో తెగిపోయినా, పియాజియో వారి వెస్పా పీఎక్స్ వంశపు ఇంజిన్ కావడంతో దీనికి విడిభాగాలు, పెద్ద బోరు కిట్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. బజాజ్ చేతక్ బోరూ స్ట్రోకూ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 57 మిల్లీమీటర్లే, సామర్థ్యం 145.45 సీసీ, కనుక ఇక్కడి అంకెలను దానికి ఉన్నవున్నట్టు అన్వయించకూడదు, సూత్రాలు మాత్రం వర్తిస్తాయి. హైదరాబాద్ ఆల్విన్ వారి పుష్పక్ ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే అది లాంబ్రెట్టా సంతానం, లోపల చైనుతో నడిచే వేరే అమరిక. దాని కథ వేరు.

ఎల్‌ఎంఎల్ 150లో బోరు 57.8 మిల్లీమీటర్లు, స్ట్రోకు 57. ఎక్కువమంది బిగించుకునే కిట్టు బోరు 63 మిల్లీమీటర్లు. క్రాంకు మార్చకుండా సిలిండరు, పిస్టను మాత్రమే మారిస్తే సామర్థ్యం 149.5 నుంచి 177.7 సీసీకి, అంటే దాదాపు 19 శాతం పెరుగుతుంది. ఇద్దరు కూర్చున్నా ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు గేరు దించనక్కర లేకపోవడం రోజువారీ ప్రయాణికుడికి నిజమైన లాభమే. అయితే అంత అదనపు పెట్రోలు-గాలి మిశ్రమం మండి పుట్టించే వేడిని చల్లార్చవలసింది పాత ఫ్యానే, ఆ మిశ్రమాన్ని అందించవలసింది పాత 20 మిల్లీమీటర్ల కార్బొరేటరే, మండిన పొగను వదలవలసింది పాత సైలెన్సరే. కిట్టు ఎక్కించడం ఒక పూట పని. దాని వెనక మిగతావాటిని సరిచేయడానికి నెలలు పడుతుంది. ఆ నెలలకు ఓపిక లేనివారు 150తోనే ఉండటం మేలని నా అభిప్రాయం.

నా బండి విషయంలో జరిగింది చెబితే లెక్క తేలికవుతుంది. మే నెలలో కిట్టు బిగించి, ఆ ఎండల్లోనే జెట్లు (కార్బొరేటర్‌లో పెట్రోలును, గాలిని కొలిచి వదిలే సన్న రంధ్రాల బిరడాలు) సరిచేసుకున్నాను. బండి హాయిగా నడిచింది. డిసెంబరులో ఒక తెల్లవారుజామున వికారాబాద్ వైపు వెళుతూ, పొడవైన దిగుడులో యాక్సిలరేటర్ వదలగానే వెనక చక్రం ఒక్కసారి కీచుమంది. క్లచ్ పట్టేసరికి ఇంజిన్ ఆగిపోయింది. పావుగంట చల్లారాక మళ్లీ స్టార్టయింది, అదీ నా అదృష్టం. ‘ఆయిల్ తక్కువైంది సార్, ఇకనుంచి లీటరుకు నలభై పొయ్యండి’ అన్నాడు మెకానిక్. పోశాను. మూడు వారాల తర్వాత, మరింత చలిలో, అదే వేగంలో, ఇంకాస్త గట్టిగా పట్టేసింది. ఈసారి పిస్టన్ మీద నాలుగు మూలలా నిలువు గీతలు పడ్డాయి.

టూ-స్ట్రోక్‌లో ఆయిల్ వేరే దారిలో రాదు, పెట్రోలులో కలిసే వస్తుంది. పూర్తి వేగంలో పెట్రోలు అందించే మెయిన్ జెట్టు రంధ్రం నుంచి ఒక క్షణంలో దిగే ద్రవం పరిమాణం ఇంచుమించు స్థిరం. లీటరుకు 20 మిల్లీలీటర్లు పోసినప్పుడు ఆ ద్రవంలో పెట్రోలు 98 శాతం. 40 పోస్తే 96 శాతమే. ఆయిల్ పెరిగిన మేరకు పెట్రోలు తగ్గింది, లోపలికి వచ్చే గాలి మాత్రం తగ్గలేదు. అంటే మిశ్రమం పలచబడింది. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమం వేడిగా మండుతుంది. పైగా పిస్టన్ అడుగును తడిపి చల్లార్చే పెట్రోలు ఆవిరి కూడా తగ్గుతుంది. ఈ కార్బొరేటర్లలో జెట్టు మీది అంకె రంధ్రపు వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది: 102 అంటే 1.02 మిల్లీమీటర్లు. ప్రవాహం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, 102 తీసి 101 వేస్తే పెట్రోలు సుమారు 2 శాతం తగ్గుతుంది. ఆయిల్‌ను రెట్టింపు చేయడమంటే చెప్పకుండా ఒక అంకె చిన్న జెట్టు వేసుకోవడమే.

2 శాతానికే పిస్టన్ పట్టేస్తుందా అంటే, పట్టేయదు. అయితే ఆ 2 శాతం ఒంటరిగా రాలేదు.

వేసవిలో 42 డిగ్రీల దగ్గర సరిచేసిన బండిని డిసెంబరు వేకువన 14 డిగ్రీల్లో నడిపితే గాలి సాంద్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. చిక్కనైన గాలి వేగంగా లాగినప్పుడు పెట్రోలు కూడా కొంత ఎక్కువే వస్తుంది, కానీ అది సాంద్రత వర్గమూలం మేరకే పెరుగుతుంది. కనుక మిశ్రమం 5 శాతం దాకా పలచబడుతుంది. ఎండాకాలంలోనే ఇంజిన్లు పట్టేస్తాయని అందరూ అనుకుంటారు. ఎండలో ఇంజిన్ చల్లారడం కష్టమే, కాదనను, కానీ మిశ్రమం దృష్ట్యా ప్రమాదం చలికాలపు ఖాళీ రోడ్డు మీద ఉంటుంది. అక్కడ చల్లగాలి హాయికి మనిషి యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పుతాడు కూడా. దీనికి తిరగేసినట్టు, 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయకు వెళితే గాలి పలచబడి మిశ్రమం చిక్కబడుతుంది. బండి కాస్త మొద్దుగా ఎక్కుతుంది తప్ప చెడిపోదు.

మూడోది ఇథనాల్. 2025 నాటికి మన బంకుల్లో దాదాపు అంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది. శుద్ధ పెట్రోలు ఒక కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాలుకు 9 చాలు. 20 శాతం కలిసినదానికి 13.5 దగ్గర సరిపోతుంది. పాత పుస్తకంలో శుద్ధ పెట్రోలుకని రాసిన జెట్టునే ఇప్పుడూ వాడితే మిశ్రమం 7 నుంచి 8 శాతం పలచగా ఉన్నట్టే. దాన్ని పూడ్చడానికి 102 స్థానంలో 106 దాకా వెళ్లవలసి వస్తుంది. అంతేకాక ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెల రోజులు కదలకుండా నిలిపిన బండి ట్యాంకు అడుగున నీరు విడిపోయి చేరుతుంది, పాత రబ్బరు పైపులు ఉబ్బి గట్టిపడతాయి. వారానికి ఒక్కసారైనా బండి తీయలేనివారు ట్యాంకు ఖాళీ చేసి పెట్టడమే మంచిది.

ఈ మూడింటినీ కలిపితే 15 శాతం. విడివిడిగా దేన్ని చూసినా ‘ఇంతేగా’ అనిపిస్తుంది. పెద్ద బోరు ఇంజిన్ పట్టేయడంలో ఉన్న చిక్కు ఇదే: నేరం ఒక్కరిది కాదు, కానీ దొరికేది మాత్రం పిస్టను.

జెట్లు సరిచేసే పద్ధతి కష్టమైనదేమీ కాదు, తొందరపడితేనే కష్టం. ఎల్‌ఎంఎల్ కార్బొరేటర్‌లో మోటారు సైకిళ్లలోలా సూది ఉండదు. మెయిన్ జెట్టు, గాలి గొట్టం, పైన గాలి జెట్టు ఒకదాని మీద ఒకటి బిగించిన నిలువు పేర్పు ఉంటుంది. పీఎక్స్ 150కి ఇది సాధారణంగా పైన 160, మధ్యలో బీఈ3 అనే గొట్టం, కింద 100 దగ్గర ఉంటుంది. పైన ఉన్న గాలి జెట్టు అంకె పెరిగితే మిశ్రమం పలచబడుతుంది, కింద ఉన్న మెయిన్ జెట్టు అంకె పెరిగితే చిక్కబడుతుంది. 177 కిట్టుకు నేను 160, బీఈ3 కదపకుండా, కింద 110తో మొదలుపెట్టి దిగుతూ వచ్చాను. ఎప్పుడైనా చిక్కటి వైపు నుంచి పలచన వైపు దిగాలి. చిక్కగా ఉంటే బండి గుడగుడమంటుంది, పొగ వస్తుంది, ప్లగ్గు తడుస్తుంది, అంతకుమించి నష్టం లేదు; పలచగా ఉంటే బండి మునుపెన్నడూ లేనంత చురుగ్గా పరుగెత్తి, ఆ ఆనందంలోనే పట్టేస్తుంది.

రోజువారీ నడకలో యాక్సిలరేటర్ మూడో వంతు దాటేది తక్కువ. ఆ భాగమంతా ఐడ్లింగ్ జెట్టు చేతిలో ఉంటుంది, కానీ దాని గురించి పట్టించుకునేవారు కనిపించరు. దాని మీద 48/160 అని, అంటే పెట్రోలు రంధ్రం, గాలి రంధ్రం అంకెలు, రాసి ఉంటే 160ని 48తో భాగించాలి: 3.33. ఈ భాగఫలం తగ్గేకొద్దీ మిశ్రమం చిక్కబడుతుంది. 55/160 అయితే 2.9. నగరంలో 40 కిలోమీటర్ల వేగంతో సాగుతున్నప్పుడు బండి లాగి వదిలినట్టు కుదుపులు ఇస్తోందంటే మెయిన్ జెట్టు ఎంత మార్చినా ఫలితం ఉండదు, చూడవలసింది ఇక్కడ. కార్బొరేటర్ వెనక ఉండే మిశ్రమం స్క్రూను బయటికి తిప్పితే చిక్కబడుతుంది. ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్లలోపు ఇంజిన్ నిలకడగా తిరగకపోతే జెట్టే తప్పు.

జెట్టు సరిపోయిందో లేదో ప్లగ్గు చెబుతుంది, అయితే అడిగే తీరులో అడగాలి. మూడో గేరులో, ఖాళీ రోడ్డు మీద, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి అర నిమిషం నడిపి, ఒకేసారి క్లచ్ పట్టి ఇంజిన్ ఆపాలి. ఐడ్లింగ్‌లో నడుపుతూ ఇంటికి తెచ్చి విప్పిన ప్లగ్గు ఐడ్లింగ్ సంగతే చెబుతుంది. పింగాణీ లోపలి మొదట్లో లేత కాఫీ రంగు ఉంటే సరే. తెల్లగా ఉండి, దాని మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లని, వెండి రంగు చుక్కలుంటే అవి పిస్టన్ నుంచి లేచిన అల్యూమినియం. ఇంకో కిలోమీటరు కూడా నడపకూడదు. పెద్ద బోరుకు ఒక మెట్టు చల్లని ప్లగ్గు వాడాలి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లనిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. ఈ తేడా తెలియక ఎన్‌జీకే 7 స్థానంలో బాష్ 7 వేసిన షాపులను చూశాను. మర పొడవు కూడా గమనించాలి: 12.7 మిల్లీమీటర్ల మర ఉన్న హెడ్డులో 19 మిల్లీమీటర్ల ప్లగ్గు వేస్తే అది నేరుగా పిస్టన్‌ను కొడుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా గాలి కార్బొరేటర్ గుండానే వస్తుందన్న నమ్మకం మీద ఆధారపడింది. దొంగ దారిన వచ్చే గాలి ఉన్నంతకాలం ఏ జెట్టూ నిలవదు. క్రాంకుకు రెండు వైపులా ఆయిల్ సీళ్లుంటాయి. మాగ్నెట్ వైపు సీలు గట్టిపడి పగిలితే బయటి గాలి లోపలికి వస్తుంది; యాక్సిలరేటర్ మూసినప్పుడు లోపలి పీల్పు ఎక్కువ కనుక, వదిలాక కూడా రేసింగ్ దిగకుండా ఊగిసలాడటం దీని మొదటి గుర్తు. క్లచ్ వైపు సీలు పోతే గాలి బదులు గేరు ఆయిల్ లోపలికి పోయి మండుతుంది. తెల్లని పొగ ఆగదు, గేరు ఆయిల్ తరుగుతూ పోతుంది. పైన చెప్పినవాటికి తోడై నా బండిని రెండుసార్లూ ముంచింది మాగ్నెట్ వైపు సీలే. కిట్టు బిగించినరోజు పాత సీళ్లను వదిలేయడం నా పిసినారితనం. రెండు సీళ్ల ధర ఒక పిస్టన్ ధరలో ఏపాటిది?

దీన్ని పట్టుకోవడానికి నేను వాడేది పాత బీపీ మిషన్. సైలెన్సర్ విప్పి ఆ రంధ్రాన్ని రబ్బరు ముక్క, పట్టీలతో మూసి, కార్బొరేటర్ స్థానంలో రంధ్రమున్న పలక బిగించి, దానికి బీపీ మిషన్ పైపు తగిలించి బల్బుతో 250 దాకా గాలి కొట్టాలి. వెస్పా ఇంజిన్‌లో క్రాంకు పళ్లెమే లోపలికి వచ్చే దారిని తెరిచి మూసే కవాటం కనుక, అది తెరుచుకునే స్థితిలో క్రాంకును నిలపాలి. తర్వాత వచ్చిన రీడ్ వాల్వు ఇంజిన్లలో ఈ జాగ్రత్త అక్కర లేదు. ముల్లు ఐదు నిమిషాల్లో పది, పదిహేను గీతలు దిగితే ఫరవాలేదు. కళ్ల ముందే జారిపోతుంటే సబ్బు నీళ్ల కుంచెతో సీళ్లు, సిలిండరు అడుగు ప్యాకింగు, కేసు అతుకు తడిపి బుడగలు చూడాలి. ఈ పరీక్ష చేసే గ్యారేజీ నాకు ఒక్కటీ తారసపడలేదు. అరగంట పడుతుందని కాబోలు.

టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పు వేసే క్షణం, గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు కానీ తప్పక చూసుకోవలసిందే. పీఎక్స్ 150 ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు నిర్దేశించిన అంకె పిస్టన్ పై కొసకు చేరడానికి 18 డిగ్రీల ముందు. కిట్టు వేసిన తర్వాత దీన్ని ముందుకు జరిపితే పికప్ వస్తుందనే మాట వినిపిస్తుంది. నిజమే, కొద్దిగా వస్తుంది, దానితోపాటే గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడూ, పిస్టన్ నెత్తిన రంధ్రమూ వస్తాయి. బాగా వెనక్కి జరిపినా మంచిది కాదు, వేడంతా పొగ దారిలో పోయి సైలెన్సర్ మొదలు ఎర్రబారుతుంది. కాయిల్ ప్లేటు మీది గీతలను నమ్మకుండా స్ట్రోబ్ లైటుతో చూడాలి. మాగ్నెట్ కీ కొంచెం నలిగినా గీతలు సరిగ్గానే కనిపిస్తాయి, నిప్పు మాత్రం వేరే చోట పడుతుంది.

చల్లదనం విషయంలో ఒక పొరపాటు తరచూ కనిపిస్తోంది. అందంగా కనిపిస్తుందని సిలిండరు చుట్టూ ఉండే గాలి కవరును తీసేస్తున్నారు. ఫ్యాను వీచే గాలి రెక్కల మధ్యకు మళ్లేది ఆ కవరు వల్లనే. అది లేకపోతే గాలి దారి తప్పి పోతుంది, వెనక చక్రం పక్కన డొప్ప కింద దాగి ఉన్న ఇంజిన్‌కు ఎదురుగాలి ఎటూ తగలదు. అల్యూమినియం పిస్టన్ పోత ఇనుప సిలిండరుకు ఇంచుమించు రెట్టింపు వ్యాకోచిస్తుందన్నది గుర్తుంచుకుంటే, స్టార్ట్ చేసిన మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా ఎందుకు నడపాలో వేరే చెప్పనక్కర లేదు: పిస్టన్ ముందు వేడెక్కుతుంది, సిలిండరు తీరిగ్గా అనుసరిస్తుంది. దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేరులోనే జారనివ్వడం ఇంకో ప్రమాదం, ఎందుకంటే చక్రం ఇంజిన్‌ను వేగంగా తిప్పుతూనే ఉంటుంది, పెట్రోలుతోపాటు రావలసిన ఆయిల్ మాత్రం ఆగిపోతుంది. మధ్యమధ్య క్లచ్ పట్టి ఒకసారి రేస్ చేస్తే చాలు. వికారాబాద్ దిగుడులో నేను చేయనిది అదే.

పెట్రోలు అందడం కూడా ఒకసారి కొలవాలి. ట్యాంకు మూతలోని సన్నని రంధ్రం పూడుకుపోయినా, పైపు పొడవై మెలిక తిరిగినా, నగరంలో ఏమీ తెలియదు. రహదారి మీద రెండు నిమిషాలు పూర్తి వేగంతో వెళ్లేసరికి కార్బొరేటర్ గిన్నె ఖాళీ అవుతుంది. పైపు చివర విప్పి సీసాలో పడితే నిమిషానికి 200 మిల్లీలీటర్లు తగ్గకుండా రావాలని నేను పెట్టుకున్న లెక్క.

సైలెన్సర్ లోపల పేరుకునే మసి పొగ దారిని మూసి ఇంజిన్‌ను వేడెక్కిస్తుంది. వీధి చివర కిరోసిన్ పోసి సైలెన్సర్‌ను కాల్చి, కర్రతో కొట్టి మసి రాల్చడం మన దగ్గర పాత పద్ధతి. మొరటుదే కానీ పనిచేస్తుంది. కాస్టిక్ సోడా నీళ్లు ఇంకా బాగా పనిచేస్తాయి, అయితే ఆ నీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి కనుక హెడ్డునూ పిస్టన్‌నూ వాటి దరికి తేకూడదు. మసి తీసిన తర్వాత పొగ సులువుగా పోతుంది, మిశ్రమం మళ్లీ కాస్త పలచబడుతుంది. జెట్టును మళ్లీ చూసుకోవాలి. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే రేసు రకం ఎక్స్‌పాన్షన్ సైలెన్సర్లు ఎక్కువ వేగంలో తిరిగేటప్పుడు లాభమిచ్చి, తక్కువ వేగంలో పట్టు తగ్గిస్తాయి. సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగే బండికి అవి ఎందుకో నాకు అర్థం కాదు.

వేగం పెరిగిన బండికి బ్రేకు డ్రమ్ములు, 3.50-10 టైర్లు పాతవే కనుక వాటిని ముందుగా సరిచేయాలి. రిమ్ము రెండు ముక్కలది కాబట్టి గాలి పూర్తిగా తీయకుండా దాని నట్లు విప్పరాదు. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంజిన్ సామర్థ్యం ఆ వివరాల్లో ఒకటి. ప్రమాదం జరిగి బీమా దాకా వెళ్లినప్పుడు 150 అని రాసి ఉన్న పత్రం, 177 ఉన్న సిలిండరు ఎదురెదురుగా నిలబడతాయి. కిట్టు కొనకముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవలసిన విషయమిది.

ఇక గేరు ఆయిల్. ఈ ఇంజిన్‌కు ఎస్ఏఈ 30 రకం 250 మిల్లీలీటర్లు పడుతుంది. క్లచ్ కూడా అందులోనే మునిగి ఉంటుంది కనుక కార్ల కోసం చేసిన జారుడు ఆయిళ్లు పోస్తే క్లచ్ జారుతుంది. మార్చేటప్పుడు పాతదాన్ని ఊరికే పారబోయకుండా కొలపాత్రలో పట్టి చూస్తాను. తక్కువ వస్తే, కింద కారిన మరక లేకపోతే, క్లచ్ వైపు సీలు తాగేసిందని అర్థం. ఎక్కువ వచ్చి పెట్రోలు వాసన వేసినా ఆ సీలునే అనుమానించాలి. మొన్న సంక్రాంతి ముందు తీసినప్పుడు 245 వచ్చింది, వాసన లేదు. జెట్టు 108, ఆయిల్ లీటరుకు 20, ఉదయం 15 డిగ్రీలు అని డిక్కీలోని పుస్తకంలో రాసుకుని, మళ్లీ వికారాబాద్ వెళ్లి వచ్చాను.